అక్క లేచినప్పుడు

పాఠకులు మరిచిపోయారని కాదు గానీ, వారం అంటే మాటలా? ఈలోగా మనసులో ఎన్నెన్నో వచ్చి పడతాయి. అందుకని ఒక్క మాట. జబ్బుకు భయపడి ఊరంతా తలుపులు బిగించుకున్నాక, మన సేవా సంఘం వాళ్లు తమ హాలుకు తాళం వేసి ప్రతి ఆదివారం ఫోన్ తెరల మీద కలుసుకుంటున్నారు. ఇంట్లో విడిగా పడుకునే గది లేని రోగులను ఆ హాల్లో ఉంచి చూసుకోవాలని క్రితం సమావేశంలో తీర్మానించారు. వాళ్లతో పాటు లోపలే ఉండి, మందూ మాకూ చూసే మనిషి ఒకరు కావాలి. "నేనుంటా" అన్నాడు డ్రైవింగ్ స్కూలు నడిపే బావ. అందరూ చప్పట్లు కొట్టారు. తీర్మానం ఏకగ్రీవం అని ప్రకటించింది సెక్రటరీ. ఈ సెక్రటరీ, బావ భార్యకు స్వయానా చెల్లెలు. తెల్లవారితే బావ హాల్లోకి వెళ్లాలి. ఆ ఆదివారం నుంచీ అక్క చెల్లెలి ఫోన్ ఎత్తడం లేదు.

సాయంత్రం కాకముందే సెక్రటరీ తన ఫొటో స్టూడియో షట్టరు సగం దించేసింది. దించకపోయినా వచ్చేవాళ్లెవరూ లేరు. ముఖానికి మాస్కు కట్టుకు తిరిగే రోజుల్లో ఫొటో దిగాలని ఎవరికి పుడుతుంది? నీలం తెర ముందు స్టూలు, స్టూలు మీద దుమ్ము. ఆ తెర ముందు కూర్చునే ఆమె ఆదివారం సమావేశాలు నడిపేది. మిగతా సభ్యుల వెనక బీరువాలూ ఆరేసిన బట్టలూ కనిపిస్తుంటే, ఆమె ఒక్కతే పాస్‌పోర్టు ఫొటోలా ఉండేది.

ఇవాళ ఆ స్టూలు మీద క్షణం కుదురుగా కూర్చోలేకపోయింది. కాలుగాలిన పిల్లిలా లైటు స్టాండ్ల మధ్య తిరిగింది. హాల్లో మంచాలు వేశారా? వేశారు. దుప్పట్లు, బకెట్లు, నీళ్లు కాచుకునే కెటిల్, అన్నీ చేరాయి. మందుల షాపు నడిపే సంఘం ప్రెసిడెంటు, వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే యంత్రాలు కూడా పంపాడు. తాళంచెవి తన జేబులోనే ఉంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, మరి ఈ కంగారేమిటి? అక్కకు ఇంకోసారి ఫోన్ చేసింది. అది మోగి మోగి ఆగిపోయింది.

అక్క అలిగి మూల కూర్చునే రకం కాదు. స్కూలు లైబ్రరీలో రోజంతా పిల్లల్ని 'ష్' అని, ఆ కసి అంతా ఇంటికొచ్చి గట్టిగా మాట్లాడి తీర్చుకునే మనిషి. ఆమెకు కోపం వస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. అలాంటి మనిషి ఉలుకూ పలుకూ లేకుండా ఉందంటే, భయపడాల్సింది దానికే.

"ఇక ఇలా కాదు" అనుకుని మాస్కు తగిలించుకుని బయటపడింది.

వీధిలో మనుషుల కంటే గీతలు ఎక్కువున్నాయి. రొట్టెల కొట్టు ముందు సున్నంతో గీసిన గుండ్రాలు, పోస్టాఫీసు ముందు పెయింటుతో గీసిన గళ్లు. ఒక గుండ్రంలో నిలబడ్డ పెద్దాయన ఆమె రావడం చూసి పక్క గుండ్రంలోకి జరిగాడు. ఆయన మనవరాలికి ఏటా పుట్టినరోజు ఫొటో తీసేది తనే. ఇద్దరూ కళ్లతోనే పలకరించుకున్నారు. నీ మొహం మండా అని ఆ జబ్బును మనసులో తిట్టుకుంటూ మలుపు తిరిగింది.

బావ ఇంటి ఆవరణలో కారు కడుగుతున్నాడు. డ్రైవింగ్ స్కూలు మూతపడిన దగ్గర్నుంచీ కదలని కారు అది. నిన్న కూడా కడిగాడని ఎవరూ చెప్పక్కర్లేదు, అంతలా మెరుస్తోంది. వెనక సీట్లో బట్టల సంచి ఉంది.

"రండి సెక్రటరీ గారూ, రండి! లైసెన్సు కావాలా? గేటు బయటే నిలబడండి, నేర్పించేస్తా. ఇప్పుడన్నీ దూరంనుంచే కదా!"

ఈయన్ని ఊళ్లో చిన్నా పెద్దా బ్రేకు బావ అంటారు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తనవైపు ఉన్న బ్రేకు మీద పాదం ఉంచి ఉంచి, చివరికి అదే అలవాటైపోయింది. ఎక్కడ కూర్చున్నా సరే, భయం వేస్తే కుడికాలు నేలను నొక్కేస్తుంది. సినిమా హాల్లోనూ అంతే, పళ్ల డాక్టరు కుర్చీలోనూ అంతే.

"సంచి సర్దుకున్నావా బావా?" అనడిగింది సెక్రటరీ గేటు ఇవతల నుంచి.

"సర్దాను, విప్పాను, మళ్లీ సర్దాను. పాపం, చొక్కాలు కూడా విసిగిపోయాయి." నవ్వాడు. ఆ మాటకు అంత నవ్వు అక్కర్లేదు. కారు తలుపు తీసి సీటు అంచున కూర్చున్నాడు. కుడికాలు కింది రాళ్లను నొక్కుతోంది.

ఆమె ఆ కాలు చూసింది. "నిజం చెప్పు బావా. నీకు వెళ్లాలనే ఉందా?"

"అదేం ప్రశ్న? అంతమంది ముందు ఒప్పుకున్నాక..." తడిగుడ్డ పిండుతూ ఆగాడు. "మీ అక్కకు ఇష్టమేగా. ఇష్టం లేకపోతే లేచేది కదా. లేవలేదు."

ఆ చివరి మాటలో మాత్రం హాస్యం లేదు.

ఈ లేవడం సంగతి కాస్త చెప్పాలి. సంఘం పెట్టిన కొత్తల్లో తీర్మానం అంటే చాలు, తన్నుకోవడం ఒక్కటే తక్కువ అన్నట్టుండేది. అప్పుడు సంఘం పెట్టిన ప్రింటింగ్ ప్రెస్సు తాతగారు ఒక పద్ధతి తెచ్చాడు. ఒప్పుకున్నవాళ్లు కూర్చునే ఉండాలి. ఒప్పుకోనివాళ్లు నోరెత్తకుండా లేచి నిలబడాలి. ఒక్కరు లేచినా సరే, ప్రెసిడెంటు వాళ్లను కారణం అడిగి వినాలి. వాళ్లు తిరిగి కూర్చునే దాకా తీర్మానం ముందుకు పోకూడదు. హాలు గోడలకు వేసే రంగు నచ్చక పళ్ల డాక్టరు ఒకసారి టీ కూడా నిలబడే తాగాడు. ఆయన కాళ్లు బాగానే ఉన్నాయి గానీ ప్రెసిడెంటు ఓపిక అయిపోయి రంగు మార్చాల్సి వచ్చింది. మర్యాదైన పద్ధతి. సమావేశాలు ఫోన్ల మీదికి మారినా, దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఇంతలో వరండాలోకి అక్క వచ్చింది. జుట్టు గట్టిగా ముడేసుకుంది. కళ్ల కింద నిద్ర లేని గుర్తులు.

"ఏమేవ్ ఏకగ్రీవం! ఎందుకొచ్చావ్?"

"ఫోనెందుకెత్తవు అక్కా? నేనేం చేశాను?"

అక్క భర్త వైపు తిరిగింది. "వెనక కుళాయి వదిలేసినట్టున్నారు, కట్టేసి రండి." ఆయన బకెట్టు పట్టుకుని వెళ్లేదాకా ఆగి, గేటు దగ్గరికి వచ్చి, జబ్బు అంటనంత దూరంలో నిలబడింది.

"నేను లేచానే" అంది.

"ఎప్పుడు?"

"ఎప్పుడేమిటే! ఒప్పుకోనివాళ్లు లేవండి అన్నాడుగా మీ ప్రెసిడెంటు. లేచాను. చేతులు కట్టుకుని నిలబడ్డాను. మీరంతా చప్పట్లు కొడుతున్నంతసేపూ నిలబడే ఉన్నాను."

ఆ ఆదివారం ఫోన్ తెర మీద అక్క కనిపించే గడి సెక్రటరీ కళ్లముందు ఆడింది. పుస్తకాల అర, గోడ, ఖాళీ కుర్చీ వీపు. అది చూసి తను ఏమందో కూడా గుర్తొచ్చింది. 'మా అక్క పొయ్యి మీద ఏదో పెట్టినట్టుంది, లేచి వెళ్లింది' అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఏకగ్రీవం అని ప్రకటించేసింది. బల్ల మీద పుస్తకానికి ఆనించిన ఫోనులో మనిషి కూర్చుంటే మొహం కనిపిస్తుంది, లేస్తే గోడ కనిపిస్తుంది. ఇంత చిన్న సంగతి సంఘంలో ఒక్క బుర్రకూ తట్టలేదు.

"నోటితో ఒక్క మాట అనొచ్చుగా అక్కా!"

"అనకూడదనేగా పద్ధతి. పైగా ఆ టైములో గోల వద్దని అందరి మైకులూ కట్టేసింది నువ్వే." అక్క గొంతు మెల్లగా దాని అసలు స్థాయికి వస్తోంది. "పళ్ల డాక్టరు లేస్తే ఆక్షేపణ. నేను లేస్తే పొయ్యి! ఆడది లేచిందంటే వంటింట్లోకి తప్ప ఇంకెక్కడికీ కాదా? ఆ రోజు పొయ్యి మీద ఏమీ లేదే. అసలు ఆ పూట వంట చేసింది మీ బావ."

మాస్కు లోపల చెల్లెలి మొహం వేడెక్కింది. ఇంకెవరైనా అంటే వేరు. ఆ మాట తనే అంది, అదీ సొంత అక్కను.

"తప్పైపోయింది అక్కా."

"నీ తప్పు తర్వాత చూద్దాం. ముందు ఆయన సంగతి విను." అక్క వెనక్కి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఆయనకు ఊపిరి సలపని జబ్బుందే. చిన్నప్పటి నుంచీ ఉంది. పీల్చే మందు కారు డాష్‌బోర్డులో, కాగితాల కింద పెడతాడు. నేర్చుకోడానికి వచ్చేవాళ్లు చూస్తే ఈయన పక్కన కూర్చుని మనల్నేం కాపాడతాడు అనుకుంటారట. నీకే తెలీదంటే చూసుకో, ఎంత దాచాడో. అందర్లో గొప్పగా 'నేనుంటా' అని నోరు జారాడు. జారాక తెరలో నా కోసం చూశాడు."

"నీ కోసమని నీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ల కాపురంలో ఆ చూపు తెలీదా నాకు? వెనక్కి తగ్గడం ఆయనకు చేతకాదు. మా ఆవిడ ఒప్పుకోలేదండీ అని చెప్పుకోడానికి ఒక వంక కావాలి. ఆ వంక నేనే అవుదామని లేచాను."

"మరి తర్వాతైనా ఇంట్లో చెప్పాల్సింది కదా!"

"చెప్పబోయాను. ఆయన పడగ్గదిలో కూర్చున్నాడు, నేను ముందుగదిలో. ఒకే గదిలో ఉంటే ఫోన్లు రెండూ గీమని అరుస్తాయిగా. బయటికొచ్చి 'నువ్వు లేవలేదుగా, నేను వెళ్లడం నీకు ఇష్టమేగా' అన్నాడు. ఆయన కూడా నేను వంటింట్లోకే వెళ్లాననుకున్నాడు." అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "అంతే, నోరు పడిపోయింది నాకు. ఇంట్లో ఏడ్చి ఆపితే ఏడ్చి ఆపిందంటారు. నేను సంఘంలో సభ్యురాలినే. నన్ను సంఘంలో అడగాలి, వినాలి. అసలు హాల్లో ఎవరుంటారని మగవాళ్లని పేరుపేరునా అడిగాడే మీ ప్రెసిడెంటు, నన్నడిగాడా? నిన్నడిగాడా?"

ఆ చివరి మాటను చెల్లెలు కోపంలో వచ్చిన మాటగానే తీసుకుంది.

"ఇప్పుడే సమావేశం పెడతాను. కానీ అక్కా, తీర్మానం ఆగితే హాలు తెరుచుకోదు. పొద్దున్నే పాల బూతు అతను వస్తున్నాడు. ఒక్క గదిలో పెళ్లాం పిల్లలతో ఉంటూ మూడు పూటలా దగ్గుతున్నాడు. అతన్నేం చేద్దాం?"

"అదీ మాట్లాడదాం. ముందు నన్ను అడగండి."

సెక్రటరీ స్టూడియోకు నడవలేదు, దాదాపు పరిగెత్తింది. బావ కాలు రాళ్లను నొక్కుతున్న తీరు కళ్లముందు నుంచి పోవడం లేదు. అక్క అడిగింది న్యాయం. పాల బూతు అతని దగ్గూ నిజం. రెండింటికీ కలిపి ఒకే తాళంచెవి, అది నడుస్తుంటే తొడకు గుచ్చుకుంటోంది.

అందరినీ తెరల మీదికి పిలిచేసరికి ప్రెసిడెంటు చిరాకు పడ్డాడు. హాల్లో అయితే గంట కొట్టేవాడు, ఇంట్లో గ్లాసును చెంచాతో కొట్టాడు.

"రేపు పొద్దున పని పెట్టుకుని ఇప్పుడేమిటమ్మా ఈ హడావుడి?"

"ఆదివారం తీర్మానం మళ్లీ అడగాలండీ. పొరపాటు జరిగింది. ముందు అందరూ ఫోన్లు దూరంగా పెట్టండి. కుర్చీ కాళ్ల నుంచి మీ తలల దాకా కనిపించాలి."

గొణుగుడు మొదలైంది. బీరువాలు ఊగాయి, పైకప్పులు కనిపించాయి, ఎవరిదో పిల్లి తోక తెరకు అడ్డం వచ్చింది. పళ్ల డాక్టరు ఇస్త్రీ చొక్కా కింద పూల పూల నిక్కరు బయటపడింది. ఎప్పుడూ నుదురు మాత్రమే కనిపించే ప్రెస్సు తాతగారు ఇన్ని నెలల తర్వాత నిండు మనిషిగా కనిపించేసరికి, "చిక్కిపోయారండీ" అన్నారెవరో. ఆయన చెయ్యి ఊపాడు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క కుర్చీ, ఒక్కొక్క మనిషి. సెక్రటరీ ఈసారి ఎవరి మైకూ కట్టలేదు.

ప్రెసిడెంటు తీర్మానం చదివాడు. హాల్లో రోగులతో ఉండేందుకు డ్రైవింగ్ స్కూలు ఆయన్ని పంపడం. "ఒప్పుకోనివాళ్లు లేవండి."

అక్క లేచింది. పాదాల నుంచి ముడేసిన జుట్టు దాకా అందరికీ కనిపించింది. చేతులు కట్టుకుంది. పళ్ల డాక్టరు నవ్వబోయి ఎందుకో మానుకున్నాడు.

పక్క గడిలో బావ నోరు తెరుచుకుని తెర వైపు చూస్తున్నాడు. "ఆదివారం కూడా లేచావా నువ్వు?" అనడిగాడు. ఒకే ఇంట్లో గోడకు అటూ ఇటూ ఉన్న మొగుడూ పెళ్లాలు ఊరందరి ఎదుట మాట్లాడుకుంటున్నారు.

"లేచాను."

"నేను చూళ్లేదు."

"తెలుసు."

బావ కుడికాలు నేలను నొక్కింది. ఆయన దాన్నోసారి చూసుకున్నాడు. తర్వాత కుర్చీ చేతుల మీద బరువు వేసి తనూ లేచి నిలబడ్డాడు.

"నువ్వెందుకయ్యా లేచావ్?" ప్రెసిడెంటు చెంచా కింద పడింది. "తీర్మానమే నీ గురించి!"

"కారణం అడగాలి కదండీ, అడిగారు. చెప్తాను." బావ గొంతులో ఎప్పటి ఆట లేదు. "నాకు ఊపిరి జబ్బుంది. ఇన్నాళ్లూ దాచాను. అందరూ వెనకాడుతుంటే ఆ రోజు గొప్ప కోసం నేనుంటా అన్నాను. మీరు చప్పట్లు కొట్టాక ఎలా కాదనాలో తెలీలేదు. నాకు భయంగా ఉందండీ. చచ్చేంత భయంగా ఉంది."

ఆ మాట వినడానికి అందరికీ సిగ్గుగానూ ఉంది, ఎవరో ఒకరు అన్నందుకు హాయిగానూ ఉంది. తమ తమ గదుల్లో ప్రతివాళ్లూ అదే భయాన్ని పక్కన పెట్టుకుని కూర్చున్నారు మరి. ప్రెస్సు తాతగారు గొంతు సవరించుకున్నాడు. "తీర్మానం ఆపండి. పద్ధతి పెట్టింది ఇందుకే. అమ్మాయ్, నిన్ను ఆ రోజే అడగాల్సింది. సంఘం తప్పు."

అక్క తలూపి కూర్చుంది. బావ కూర్చున్నాడు. ఆయన మొహంలో ఎన్నాళ్లకో నెత్తురు కనిపించింది. సెక్రటరీ ఊపిరి పీల్చుకుంది.

పీల్చిన ఊపిరి వదలకముందే ఆమె రెండో ఫోన్ మోగింది. పాల బూతు అతని భార్య.

"అమ్మా, మేం హాలు మెట్ల మీదున్నామండీ."

"పొద్దున కదమ్మా రమ్మంది!"

"పొద్దుటిదాకా ఇంటి ఓనరు ఆగనన్నాడండీ. దగ్గు వినపడిందంట, సామాను బయట పెట్టేశాడు. పిల్లల్ని మా చెల్లెలింటికి పంపేశాను. ఈయన నిలబడలేకపోతున్నాడు, పెదాలు అదోలా అవుతున్నాయి. హాస్పిటల్‌కు ఫోన్ చేస్తే బండి రావడానికి చాలాసేపు పడుతుందన్నారు. తలుపు తీయండమ్మా."

సెక్రటరీ ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు సంఘానికి చెప్పింది. "ఎవరు వెళ్తారు?" అనడిగింది.

ఫోన్లన్నీ దూరంగానే ఉన్నాయి. దాక్కోడానికి చోటు లేదు. మోకాళ్ల మీద చేతులు, కదలని కాళ్లు, ఒక్కరూ తెర వైపు చూడటం లేదు. పళ్ల డాక్టరు తన చెప్పుల్ని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు. ప్రెసిడెంటు, "అందరం కాస్త ఆలోచించి..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

అప్పుడు అక్క లేచింది.

ఈసారి చేతులు కట్టుకోలేదు. మేకుకు తగిలించిన మాస్కు తీసుకుంది, అరలోంచి ఏదో పుస్తకం లాగి చంకలో పెట్టుకుంది, గడిలోంచి బయటికి నడిచింది. గోడ, పుస్తకాల అర, ఖాళీ కుర్చీ మిగిలాయి. పొయ్యి మాట ఎవరూ ఎత్తలేదు. ఒక నిమిషం తర్వాత ఆ ఫోనులోంచి గేటు గొళ్లెం తీసిన చప్పుడు వినిపించింది.

పక్క గడిలో బావ కుడికాలు నేలను బలంగా నొక్కింది, నొక్కుతూనే ఉంది. "ఏమేవ్! ఆగు!" అని అరుస్తూ ఆయన కుర్చీని తోసుకుని పరిగెత్తాడు.

సెక్రటరీ రెండో ఫోనులో, అక్క లైబ్రరీ పనికి వాడే ఇంకో ఫోను నుంచి మెసేజి పడింది. 'నన్నెవరూ అడగలేదు. నేనే చెప్తున్నా. తాళంచెవి తీసుకుని రా.'

"ఆగమ్మా సెక్రటరీ!" ప్రెసిడెంటు చెంచా కోసం వెతుక్కుంటూ కేకేశాడు. "తీర్మానం ఆగిపోయింది. తీర్మానం లేకుండా తాళం తీయడానికి వీల్లేదు. నువ్వు ఎక్కడికీ కదలకు!"

సెక్రటరీ నోరెత్తలేదు. స్టూలు మీంచి లేచి నిలబడింది. అందరి తెరల మీదా నీలం తెర ఒక్కటే మిగిలింది.

సగం దించిన షట్టరు కింది నుంచి వంగి వీధిలోకి దూకేసరికి తాళంచెవి గుప్పిట్లో ఉంది. అవతలి మలుపులో అక్క వేగంగా నడుస్తూ కనిపించింది, ఆ వెనక రొప్పుతూ బావ. చెల్లెలు పరిగెత్తడం మొదలుపెట్టింది. తాళం తీసి అక్కను లోపలికి పంపడానికో, చెయ్యి పట్టుకుని వెనక్కి లాగడానికో, హాలు మెట్లు కంటపడే దాకా ఆమెకే తెలియదు.